ఒంటికి కాస్త గాలి

ముందే చెప్పేస్తాను, తరవాత ఎవరూ ముక్కున వేలేసుకోనక్కర్లేదు. యాభై ఆరేళ్ళ వయసులో, ఒంటి మీద నూలుపోగు లేకుండా నాలుగు రోజులు సెలవు గడిపి వచ్చాను. ఒక్కదాన్నే వెళ్ళాను. థాయ్‌లాండ్‌లో, విమానం దిగాక కారులో రెండున్నర గంటల దూరాన, చుట్టూ ఎత్తయిన గోడ కట్టిన ఒక తోటలోకి. ఇందులో సరసమో సాహసమో ఉంటుందని ఆశపడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. అక్కడ ఉన్నదల్లా మడత కుర్చీల్లో పడుకుని పుస్తకాలు చదువుకునే పెద్దవాళ్ళు.

నేను సింగపూర్‌లో, బూన్ లే వైపు ఒక ఫ్లాట్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటాను. సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని నాది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరో రాసినదాంట్లో తప్పులు పడుతూ కూర్చుంటాను. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని కాబట్టి ఆ మూడు రోజులూ మనిషన్నవాడి ముఖం చూడను. కంప్యూటర్ తెర మీద కనబడే ముఖాలు నా దృష్టిలో ముఖాలు కావు. కింద తిండికొట్లన్నీ ఉండే హాకర్ సెంటర్‌లో కాఫీ పోసే చైనా అంకుల్ నన్ను చూడగానే "సేమ్ సేమ్ ఆ? చక్కెర తక్కువ?" అని అడుగుతాడు. కొన్ని రోజుల్లో నాతో ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

మా ఆయన పోయి మూడేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. దాని గురించి ఇంతకంటే చెప్పను. అడిగినవాళ్ళందరికీ ఇరవై ఏళ్ళ పాటు సమాధానం చెప్పి విసిగిపోయాను.

ఆయన పని జురాంగ్ ఐలాండ్‌లో. అది మొత్తం నూనె శుద్ధి చేసే కర్మాగారాలూ రసాయనాల ట్యాంకులూ ఉన్న దీవి. పాస్ లేనిదే వంతెన దాటనివ్వరు. అందుకని పద్దెనిమిదేళ్ళు ఆయన పనిచేసిన చోటు నేను కంటితో చూడలేదు. పొద్దున్నే బస్టాండు దగ్గర కంపెనీ బస్సెక్కి వెళ్ళేవారు, సాయంత్రం అదే బస్సులో దిగేవారు. మధ్యలో ఏం చేసేవారంటే, ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "కాయితాల మీద సంతకాలు పెట్టి ఎవరూ చావకుండా చూడ్డం." ఎవరైనా ఒక గొట్టం విప్పాలన్నా, ఒక చోట వెల్డింగ్ చెయ్యాలన్నా, ముందు ఆయన వెళ్ళి చూడాలి. ఏమేం ప్రమాదాలు జరగొచ్చో, ఒక్కోటీ ఎంత తీవ్రమైనదో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసి, ఏం చేస్తే ఆ ప్రమాదం తప్పుతుందో ఎదురుగా రాయాలి. ఆ కాయితం నిండితేనే పని మొదలవుతుంది.

ఆ పనంతా కవరాల్‌లో. మెడ నుంచి చీలమండ దాకా ఒకటే కుట్టు, నిప్పంటుకోని మందపాటి గుడ్డ, పొడుగు చేతులు. దాని లోపల బనీను. పైన హెల్మెట్, చేతులకు గ్లవ్స్, కాళ్ళకు ఇనుప ముక్కు బూట్లు. ఈ ఊళ్ళో ఎండ, ఉక్క ఎలా ఉంటాయో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక ఆయన బనీను పిండితే చెమట కారేది. అలా పిండింది నేనే, వాషింగ్ మెషీన్‌లో వెయ్యబోయే ముందు, విసుక్కుంటూ.

ఆదివారం తలంటు మా ఇంట్లో మానేది లేదు. కుంకుడుకాయ పొడి, సున్నిపిండి, లిటిల్ ఇండియా నుంచి తెచ్చుకునేవాళ్ళం. మా బాత్రూమ్‌లో ఇద్దరు నిలబడితే మోచేతులు గోడలకు తగులుతాయి. ఆయన ముందు వెళ్ళి, చిన్న ప్లాస్టిక్ స్టూల్ మీద తువ్వాలు కట్టుకుని కూర్చుని, లోపలి నుంచి "వీపూ!" అని కేకేసేవారు. అంతే, ఒకటే మాట. నేను వంటింట్లోంచి కొంగు దోపుకుంటూ వెళ్ళి సున్నిపిండితో వీపు రుద్దేదాన్ని. "అక్కడ కాదు, ఇంకాస్త పైన. ఆఁ, అక్కడే, గట్టిగా." చెమటకాయలు ఉండేవి. ఎవరికుండవు అనుకునేదాన్ని. తరవాత నా వీపు ఆయన రుద్దేవారు. మా పెళ్ళిలో ప్రేమ అని పిలవదగినది ఏదైనా ఉంటే అది ఆ పావుగంటే.

అలాంటి ఒక ఆదివారం, గోడ వైపు తిరిగి కూర్చుని ఆయన అన్నారు.

"ఇదిగో, ఓ మాట చెప్తాను. నవ్వకూడదు."

"చెప్పండి."

"బట్టల్లేకుండా ఉండే సెలవులుంటాయంట, తెలుసా? రిసార్టులు. మొగుడూ పెళ్ళాలు వెళ్తారంట, ముసలాళ్ళు కూడా. తప్పుడు యవ్వారం ఏం కాదు. ఓ నాలుగు రోజులు వెళ్ళొద్దామేంటి? ఒంటికి కాస్త గాలి తగుల్తుంది."

నేను నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఛీ ఛీ, ఇదేం బుద్ధండీ? యాభయ్యేళ్ళు దగ్గరకొస్తున్నాయి, సిగ్గూ శరం ఉండక్కర్లా?" అన్నాను. చేతిలో ఉన్న సున్నిపిండి గిన్నె ఠపీమని కింద పెట్టాను కూడా.

"అబ్బే, ఊరికే అన్నాన్లే," అన్నారాయన. మిగిలిన సగం వీపు ఎవరు రుద్దారో, అసలు రుద్దుకున్నారో లేదో నాకు తెలియదు.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆ తరవాత నెల్లోనే ఉగాది పాట్‌లక్ వచ్చింది. తెలుగువాళ్ళ కుటుంబాలు పన్నెండో పదమూడో, ఎవరి కాండో అపార్ట్‌మెంటులోనో కింద ఫంక్షన్ రూమ్. తలా ఒక వంటా తెచ్చాం, నేను పులిహోర తీసుకెళ్ళాను. ఆడవాళ్ళంతా సెలవుల గురించి మాట్లాడుతున్నారు, ఒకరు బాలీ అంటున్నారు, ఒకరు స్విట్జర్లాండ్ అంటున్నారు. నన్నడిగారు. నాకు చెప్పడానికి ఏమీ లేదు, మేమెక్కడికీ వెళ్ళం. అప్పుడు నోరు జారింది అనడం అబద్ధం. జారలేదు, నేనే చక్కగా చెప్పాను. "మా ఆయన నన్ను బట్టలే అక్కర్లేని ఊరికి తీసుకెళ్తారట!" అని.

గది గదంతా పగలబడి నవ్వింది. ఒకాయన మా ఆయన భుజం మీద చరిచి, "అన్నయ్యా, లగేజీ కలిసొస్తుందిలే," అన్నాడు. ఒకావిడ, "వదినా, ఫోటోలు మాత్రం గ్రూపులో పెట్టకండి," అంది. మా ఆయన కూడా నవ్వారు. ప్లేటులో నా పులిహోరే ఉంది. అది తింటూ, తల వంచుకుని నవ్వారు. ఆ సాయంత్రమంతా అందరూ నా చుట్టూనే ఉన్నారు. ఈ ఊళ్ళో ఉన్న అన్నేళ్ళలో నా మాటకు అంతమంది నవ్వడం అదే మొదలు. నాకు సంతోషంగా ఉంది, దాచుకోవడమెందుకు.

ఆ తరవాత ఏ గొడవా జరగలేదు. అదే నేను చెప్పదలచుకున్నది. అరుపులు లేవు, అలకలు లేవు. కాకపోతే ఆయన ఇంట్లో బనీను విప్పడం మానేశారు. ఫ్యాన్ కింద కూడా బనీనుతోనే, చివరికి దాని మీద టీషర్టుతో. తరవాతి ఆదివారం "వీపూ" అన్న కేక వినబడలేదు. ఆ పై ఆదివారం బాత్రూమ్‌లో పొడుగు పిడి ఉన్న బ్రష్షు ఒకటి వేలాడుతోంది. చెక్క పిడి, చివర గుండ్రంగా కుచ్చు. పక్క షాపింగ్ సెంటర్‌లో కొన్నారట. చూసి, పోన్లే ఒక పని తప్పింది అనుకున్నాను. మరి నా వీపు సంగతేమిటని అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇద్దరం అదే బ్రష్షు వాడుకున్నాం, వేరే వేరే వేళల్లో.

నాలుగేళ్ళు అలా గడిచాయి.

ఒక మధ్యాహ్నం ప్లాంటులోనే ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. ఆస్పత్రిలో రెండు రోజులున్నారు, తెలివి రాలేదు. మొదటి రోజు సాయంత్రం ఇద్దరు నర్సులు ఒళ్ళు తుడవడానికి వచ్చి ఆయన్ని నెమ్మదిగా పక్కకు తిప్పారు. గౌను వెనక ముడి విప్పారు. నేను మంచం ఇటు పక్కే నిలబడి ఉన్నాను.

భుజాల నుంచి నడుం దాకా ఖాళీ చోటు లేదు. పాత మచ్చలు మాడిన అట్టు రంగులో ఉన్నాయి, వాటి మీద కొత్త పొక్కులు. గోళ్ళతో గీరుకున్న చారలు, ఆ బ్రష్షుతో తోలు రేగేలా రుద్దుకున్న చారలు. చంకల కింద పుండ్లు పడి ఎండిపోయాయి. మలయాళీ నర్సు ఒకావిడ తలెత్తి నన్ను చూసి, "ఆంటీ, ఇదెప్పట్నించి?" అని ఇంగ్లీషులో అడిగింది. "రెండేళ్ళయింది," అన్నాను. నోటికొచ్చిన అంకె చెప్పాను. కట్టుకున్న భార్యని, ఒకటే మంచం మీద పడుకున్నదాన్ని, నాకు తెలియదని ఆ పిల్లతో ఎలా చెప్పను?

ఆయన పోయాక ఒక నెలకు నా స్నేహితురాలితో ఈ సంగతి అన్నాను. పక్క బ్లాకులోనే ఉంటుంది, హైదరాబాదీ ముస్లిం, వాళ్ళాయనదీ అదే దీవిలో ఉద్యోగం. నాకు బిర్యానీ పట్టుకొచ్చి, నేను తినేదాకా కదలకుండా కూర్చునే మనిషి. విని ఆశ్చర్యపోయింది, మచ్చలకు కాదు.

"కవరాల్ ఏసేటోళ్ళందరికీ ఉంటయి గద అక్కా. ప్లాంటు ఆపి జేసే షట్‌డౌన్ పనులు పడ్డయంటె ఇంగ చూస్కో. మా ఆయన ఇంట్లకొస్తనే అంగీ ఇప్పించి ఫ్యాన్ కింద కూసోబెడ్త. నేనే పౌడర్ కొడ్త. గాలి తగల్నియ్యాలె, అదొక్కటే మందు అంటడు మా డాక్టరు. మీకు తెల్వదా?"

తెల్వదు అన్నాను. ఆవిడ నా ప్లేటులో ఇంకో ముక్క వేసి, మాట మార్చింది.

కంపెనీవాళ్ళు ఆయన లాకర్‌లోని సామాను ఒక అట్టపెట్టెలో పంపించారు. దాన్ని మంచం కిందికి తోసేశాను. రెండేళ్ళ తరవాత, బూట్లు ఎవరికైనా పనికొస్తాయేమోనని తెరిచాను. హెల్మెట్, బూట్లు, సగం వాడిన పౌడర్ డబ్బాలు మూడు, ఒక నోటుబుక్కు. నోటుబుక్కు నిండా ప్లాంటు సంగతులే. మధ్యలో ఒక పేజీ మాత్రం వేరు.

అది ఆ సెలవుల గురించిన కాయితం. ఆయనకు తెలిసిన పద్ధతిలోనే రాసుకున్నారు, అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి. ముందు ఊళ్ళు, అందులో ఆవిడ అంటే నేను. క్రొయేషియా: సముద్రం బాగుంటుంది, తీరమంతా రాళ్ళు, ఆవిడ మడమ నొప్పికి కష్టం. ఫ్రాన్స్: పైన్ చెట్ల అడవిలో ఊరంత ఊరు, రొట్టెల కొట్టుకి కూడా అలాగే వెళ్తారు, మరీ ఎక్కువమంది, ఆవిడ బెదిరిపోతుంది. జర్మనీ ఉత్తర తీరం: తరాల నించీ అలవాటు కాబట్టి ఎవరూ ఎవర్నీ చూడరు, కాని నీళ్ళు చల్లన, ఆవిడకు చలి పడదు. థాయ్‌లాండ్: చిన్నది, దగ్గర, చుట్టూ గోడ ఉంది, అన్నం దొరుకుతుంది. థాయ్‌లాండ్‌కి పక్కన టిక్కు.

దాని కింద ప్రమాదాలు. ఎండ దెబ్బ: తీవ్రత రెండు, నివారణ, క్రీము, చెట్టు నీడ. దోమలు: రెండు, నివారణ, నూనె. తెలుగువాళ్ళెవరైనా కనబడటం: మూడు, నివారణ అక్కర్లేదు, కనబడితే వాళ్ళూ బయట చెప్పుకోలేరు. ఇది చదివి గట్టిగా నవ్వాను. ఆ గదిలో నవ్వు వినబడి చాలా రోజులైంది. దాని కింద ఆఖరి వరస ఉంది. ఆవిడ నవ్వుతుంది: తీవ్రత ఐదు. నివారణ అన్న గడిలో ఏమీ లేదు. పెన్ను ఆనించిన చుక్క ఒకటి ఉంది, అంతే.

ఆ గడి నింపకుండానే ఆయన పని మొదలుపెట్టారు. జీవితంలో ఆ ఒక్కసారే.

వెళ్ళాలని ఆ రోజే అనుకున్నాను. వెళ్ళి ఏం చేస్తానో తెలియదు. ఆయన అడిగిందేమిటో ఒకసారి ఒంటితో తెలుసుకోవాలి, అంతవరకే తెలుసు. ముందు ఇంట్లో సాధన చేద్దామని ఒక శనివారం కిటికీలన్నీ మూసి తెరలు దించాను. ఈ దేశంలో సొంత ఇంట్లో అయినా సరే, బట్టల్లేకుండా బయటివాళ్ళకు కనబడితే నేరం. మా ఎదురు బ్లాకు ఎంత దగ్గరంటే, వాళ్ళు వెదురు గడలకు ఆరేసిన చొక్కాల గుండీలు లెక్కపెట్టొచ్చు. తెరల వెనక ఉక్కలో, సోఫా తొడలకు అతుక్కుపోతుంటే పది నిమిషాలు కూర్చున్నాను. హాయిగా ఏం లేదు. డాక్టరు వచ్చేదాకా కూర్చోబెట్టిన రోగిలా ఉంది. ఇంతలో పార్సిల్ అతను బెల్ కొట్టాడు. నైటీ తిరగేసి తొడుక్కుని తలుపు తీశాను.

స్నేహితురాలికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ తలమీద దుపట్టా సర్దుకుంది.

"తోబా తోబా," అంది. తరవాత, "గోడ పెద్దగుంటదా?" అంది.

"ఉంటుందట."

"అయితె పో అక్కా. నేనెవ్వరికి చెప్ప. గని మనోళ్ళు అడుగుతె ఏం చెప్పాలె?"

"గుళ్ళూ గోపురాలూ చూడ్డానికి వెళ్ళిందని చెప్పు."

"గా పాపం గూడ నాతోనే చేపిస్తవా!" అని తొడ మీద గిల్లింది. ఎంత గట్టిగా గిల్లిందంటే రెండు రోజులు కందిపోయింది. నన్ను ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో అప్పుడు లెక్కేసుకున్నాను. కాఫీ అంకుల్ చిల్లర ఇచ్చేటప్పుడు వేళ్ళు తగలడం తప్పితే, ఏమీ లేదు.

తోటలో నియమాలు మూడే. కూర్చునే చోట తువ్వాలు వేసుకుని కూర్చోవాలి, ఫోన్లు గదిలో వదలాలి, కొలనులో ఈత దుస్తులతో కూడా దిగకూడదు. మొదటి రోజు మధ్యాహ్నం దాకా నేను గది దాటలేదు. చివరికి ఆకలే బయటికి తోసింది. తువ్వాలు గుండెలకు అదుముకుని భోజనాల పందిరి దాకా నడిచాను. ఎవరూ తలెత్తలేదు. బాన పొట్టలు, వాలిన రొమ్ములు, ఆపరేషన్ గాట్లు, ఎండకు ముడతలు పడ్డ పిర్రలు. ఒకాయనకు ఒక కాలు మోకాలి కింద లేదు. నా పొట్ట మీద మడతలు ఆ గుంపులో ఎవరి లెక్కలోకీ రావు. యాభై ఏళ్ళ పాటు ఇంత జాగ్రత్తగా దాచింది దీన్నా అనిపించి ఉక్రోషం వచ్చింది.

సిగ్గు ఆ రోజే పోయింది. అలవాటు మాత్రం పోలేదు. నా కుడిచెయ్యి మాటిమాటికీ ఎడమ భుజం మీదికి వెళ్ళి, లేని పైటను సర్దుతూనే ఉంది. అన్నం వడ్డించుకుంటూ సర్దాను, కుర్చీలోంచి లేస్తూ సర్దాను.

రెండో రోజు చెట్టు కింద బోర్లా పడుకుంటే గాలి వచ్చింది. పెద్ద గాలి కాదు, ఆకులు కదిలేంత. వీపంతా ఒకేసారి తగిలింది. మెడ దగ్గర మొదలై నడుం దాకా చెమట చల్లబడింది. అంతే. ఆయన అడిగింది ఇది. ఇంత చిన్నది. తువ్వాల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూ ఉండగానే ఆయన మీద కోపం కూడా వచ్చింది. మంట పుడుతోందని చెప్పొచ్చు కదా, వీపు చూపించొచ్చు కదా, రెండోసారి అడగొచ్చు కదా. మళ్ళీ నాకే తెలుసు, మొదటిసారి అడిగినప్పుడు నేనేం చేశానో.

అక్కడికి వెళ్ళదలచుకున్నవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఎవరూ చూడకపోవడం మొదటి రోజు గొప్ప సుఖం. మూడో రోజుకు అదే బరువు. చుట్టూ జంటలు. ప్రతి గంటకూ ఒకరి వీపుకి ఒకరు క్రీము రాసుకుంటారు, మాట్లాడుకోను కూడా మాట్లాడుకోకుండా, మనం పొయ్యి గట్టు తుడిచినంత మామూలుగా. నేను నీడలోంచి నీడలోకి కుర్చీ జరుపుకుంటూ అదే చూస్తూ కూర్చున్నాను.

నాలుగో రోజు ఆదివారం. ఆదివారమంటే తలంటు. గదిలోని బాత్రూమ్ ఇరుకు, బయట చెట్ల మధ్య నీళ్ళ గొట్టం, గచ్చు, కూర్చోడానికి రాతి పలక ఉన్నాయి. పొద్దున్నే సున్నిపిండి పొట్లం పట్టుకుని అక్కడికి వెళ్ళాను. నీళ్ళు తిప్పి, తల తడుపుకుంటుంటే ఏదో తేడాగా అనిపించింది. తలెత్తాను. నాలుగు రోజుల్లో మొదటిసారి అందరూ నన్నే చూస్తున్నారు. పుస్తకాలు దించి మరీ చూస్తున్నారు.

ఎందుకా అని నా వంక చూసుకున్నాను. పెట్టెలోంచి తీసుకొచ్చిన లంగా ఛాతీ మీదికి కట్టి ఉంది. బొందు గట్టిగా ముడేసి, అంచు లోపలికి దోపి. మా అమ్మ, మా అమ్మమ్మ, మా పెద్దమ్మలందరూ తలుపేసుకున్న గదిలో కూడా అలాగే స్నానం చేసేవాళ్ళు, నాకూ అలాగే నేర్పారు. నాలుగు రోజులు అంతమంది మధ్య దిసమొలతో తిరిగి, భోజనాలు చేసి, తీరా స్నానానికి మాత్రం బట్ట కట్టుకుని వచ్చాను.

అటు పక్క కుర్చీలో డెబ్బై అయిదేళ్ళ జర్మనావిడ ఉంది. రోజూ గళ్ళ నుడికట్టు నింపుకుంటూ ఒక్కతే కూర్చుంటుంది. "స్నానానికి బట్టలు వేసుకుంటున్నావా?" అంది విరిగిన ఇంగ్లీషులో. నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది. నన్ను చూసి ఎవరైనా నవ్వితే ఎలా ఉంటుందో, నవ్వినవాళ్ళు వెంటనే లేచి దగ్గరకొస్తే ఎలా ఉంటుందో, అప్పుడు తెలిసింది. లంగా ముడి విప్పి చెట్టు కొమ్మకు వేశాను.

ఆవిడ పొట్లంలోకి వేలు పెట్టి వాసన చూసింది. పప్పుల పిండి, ఒళ్ళు రుద్దుకునేది అని చెప్పి, ఆవిడ మోచేతి మీద కాస్త తడిపి రుద్ది చూపించాను. మట్టి ఉండలు రాలుతుంటే చిన్నపిల్లలా సంబరపడి, వీపు తిప్పింది. రుద్దాను. మచ్చలతో, పుట్టుమచ్చలతో, గులాబీ రంగులో, పెద్ద వీపు. ఏడేళ్ళ తరవాత ఇంకో మనిషి వీపు మీద నా చెయ్యి. ఎంత గట్టిగా రుద్దాలో చేతికి గుర్తుంది. పైకి మూడుసార్లు, పక్కలకు రెండుసార్లు.

"ఇప్పుడు నువ్వు," అని నన్ను రాతి పలక మీద కూర్చోబెట్టింది. ఆవిడ అరచేతులు మొద్దుగా, వెచ్చగా ఉన్నాయి. రెక్కల మధ్య, వెన్ను పక్కన ఒక చోటుంది. చెయ్యి పైనుంచి పెట్టినా, కిందనుంచి పెట్టినా, ఆ పొడుగు బ్రష్షు ఎటు తిప్పినా అందదు. ఆవిడ చెయ్యి తిన్నగా అక్కడికే వెళ్ళింది.

"ఇంట్లో నీకిది ఎవరు చేస్తారు?" అనడిగింది.

"మా ఆయన," అన్నాను. మూడేళ్ళ కిందట పోయినాయన గురించి చేస్తారు అని చెప్పడం తప్పు కాదనిపించింది ఆ క్షణం.

"మంచిది. ఆయనకు నువ్వు చేస్తావన్నమాట."

ఔనని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ నర్సుకు రెండేళ్ళని చెప్పిన నోరే కదా. కాని వీపు మీద చెయ్యి ఉండగా అబద్ధం రాలేదు. ఇంగ్లీషూ రాలేదు. తెలుగులోనే, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, ఎవరికీ చెప్పనిదంతా ఆవిడకు చెప్పాను. చెయ్యలేదమ్మా. నాలుగేళ్ళు చెయ్యలేదు. ఒక్కసారి అడిగితే పదిమందిలో నవ్వించాను. ఆయన వీపు ఎలా ఉందో ఆస్పత్రిలో పరాయి పిల్ల తిప్పి చూపిస్తే చూశాను. అంత మంటతో రోజూ నా పక్కనే పడుకున్నారు, బనీను వేసుకుని.

ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎక్కడ రుద్దాలో చెబుతున్నాననుకుంది. నా మీదికి కాస్త వంగి, "ఇక్కడా? ఇంకా పైనా?" అని అడిగి, మళ్ళీ పిండి తీసుకుని అక్కడే గట్టిగా రుద్దింది.